రేడియో ముందు కూర్చున్నవాడు

(బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ ‘విష్ యూ వర్ హియర్’కు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా హైదరాబాద్‌లో కొందరు శ్రోతలు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకు రండి. ఈ స్పీకర్లు నా మాటకు చాలు గానీ, తర్వాత వినిపించబోయే పాటకు చాలవు.

నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. గిటార్ కొన్నాను, నెల రోజులు వేళ్ళు నొప్పి పుట్టాయి, అమ్మేశాను. కాబట్టి ఇది విద్వాంసుడి ఉపన్యాసం అనుకోకండి. నలభై ఏళ్ళుగా ఒకే ఆల్బమ్‌ను అరగదీసిన మనిషి మాటలు.

వైజాగ్‌లో ఇంజినీరింగ్ చదివే రోజులు. అప్పట్లో ప్రతి ఊళ్ళోనూ రికార్డింగ్ సెంటర్లని ఉండేవి. ఈ తరం పిల్లలకు తెలియదు గానీ, బ్లాంక్ క్యాసెట్ ఇచ్చి ఏ పాటలు కావాలో చీటీ రాసిస్తే రెండు మూడు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవారు. మా హాస్టల్లో ఒక సీనియర్ ఈ ఆల్బమ్ పేరు రాసిన చీటీ నా చేతిలో పెట్టి, “ఇది ఎక్కించుకో, తొంభై నిమిషాల క్యాసెట్ తీసుకెళ్ళు, మొత్తం ఒక్క వైపే పట్టేస్తుంది” అన్నాడు. లెక్క కరెక్టే. ఆల్బమ్ నలభై నాలుగు నిమిషాల చిల్లర, క్యాసెట్ ఒక వైపు నలభై ఐదు. కానీ ఎల్‌పీ రికార్డును మధ్యలో తిప్పి వేయాలి కదా! ఆ షాపాయన తిప్పే ముందు పాజ్ నొక్కడం మర్చిపోయాడు. టీ తాగడానికి వెళ్ళాడేమో. నా క్యాసెట్‌లో రెండో పాటకూ మూడో పాటకూ మధ్య నిమిషంన్నర ఖాళీ. సన్నగా టేపు హిస్ తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీ కూడా ఆల్బమ్‌లో భాగమే అనుకున్నాను. ఎంత లోతుగా ఆలోచించార్రా వీళ్ళు అని రూమ్మేట్‌కు కూడా చెప్పాను. [నవ్వులు]

ఆ నిమిషంన్నర పోయినందుకు చివర్లో కొంత తెగిపోయింది. చివరి పాట మెల్లగా తగ్గుతూ తగ్గుతూ ఉండగా, టక్! టేపు ఆగిపోయేది. ఆ తెగిపోయిన ముక్క సంగతి ఆఖర్లో చెప్తాను. దాని కోసమే ఈ మాటలన్నీ.

ఇప్పుడు కథ. తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి.

పింక్ ఫ్లాయిడ్ లండన్‌లో మొదలైన బ్యాండే గానీ వేళ్ళు కేంబ్రిడ్జ్‌లో ఉన్నాయి. రోజర్ వాటర్స్, సిడ్ బ్యారెట్, తర్వాత వచ్చిన డేవిడ్ గిల్మర్, ముగ్గురూ అక్కడ పెరిగినవాళ్ళే. నిక్ మేసన్ డ్రమ్స్, రిక్ రైట్ కీబోర్డులు. బ్యాండ్‌కు పేరు పెట్టింది సిడ్. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అని ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్ల నుంచి చెరో ముక్కా తీసుకున్నాడు. 1967లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో పాటలు చాలా వరకు అతను రాసినవే. అందగాడు, మాటకారి, బొమ్మలు వేసేవాడు. ఆ ఏడాది చివరికే మనిషి చేజారిపోయాడు. ఎల్‌ఎస్‌డీ మత్తు అన్నారు, మనసు జబ్బు అన్నారు. స్టేజీ మీద నిలబడి ఏమీ వాయించకుండా ఉండిపోయేవాడు. 1968 మొదట్లో ఒక రోజు కారులో షోకు వెళ్తూ ఎవరో “సిడ్‌ను ఎక్కించుకుందామా?” అన్నారు. “ఎందుకులే” అన్నారు ఇంకొకరు. అంతే, కారు సాగిపోయింది. గిల్మర్ ఈ మాట తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. గొడవ లేదు, తలుపు దడాలున వేయడం లేదు. బండి ఆ వీధిలోకి తిరగలేదు.

వాళ్ళు మరీ రాతిగుండెవాళ్ళేం కాదు. 1970లో సిడ్ సొంతంగా రెండు ఆల్బమ్‌లు చేస్తే వాటికి గిల్మర్, వాటర్స్, రైట్ తలో చెయ్యీ వేశారు. తర్వాత సిడ్ పూర్తిగా మాయమయ్యాడు. 1973లో ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ వచ్చింది, ప్రపంచమంతా అమ్ముడుపోయింది. అప్పుడు వచ్చింది అసలు టెన్షన్. కోరుకున్నవన్నీ చేతికొచ్చేశాయి, ఇంక చేయడానికేముంది? పరికరాలు లేకుండా ఇంట్లో వస్తువులతో ఒక ఆల్బమ్ చేద్దామని కూర్చున్నారు. రబ్బరు బ్యాండ్లు, చీపుర్లు, వైన్ గ్లాసులు. వారాలకు వారాలు పట్టింది, చివరికి వదిలేశారు. దానిలోంచి మిగిలింది ఆ గ్లాసుల శబ్దమే. నీళ్ళు పోసిన గ్లాసు అంచు మీద తడి వేలు తిప్పితే ఒక నాదం వస్తుంది చూడండి, చిన్నప్పుడు స్టీలు గ్లాసుతో ప్రయత్నించి అమ్మ చేత తిట్లు తినుంటారు. స్టీలు గ్లాసు పలకదు, గాజుదే పలుకుతుంది. ఆ నాదమే ఈ ఆల్బమ్ మొదట్లో సింథసైజర్ కింద పరుచుకుని ఉంటుంది.

1975 జనవరిలో లండన్ అబ్బీ రోడ్ స్టూడియోలో మొదలుపెట్టారు. మొదలుపెట్టారన్న మాటే గానీ ఎవరికీ మనసు లేదు. వస్తారు, డార్ట్స్ ఆడుకుంటారు, పోతారు. రోజుల తరబడి కష్టపడి వాయించిన ఒక ట్రాక్ మీదికి పొరపాటున ఎకో ఎక్కిపోయింది, విడదీయడం కుదరక మళ్ళీ మొదటి నుంచి వాయించారు. నలుగురూ గదిలోనే ఉన్నారు, ఏ ఒక్కరూ లేరు. ‘నువ్వుంటే బాగుండు’ అనే బదులు ‘మేముంటే బాగుండు’ అని పేరు పెట్టి ఉండాల్సిందని వాటర్స్ తర్వాత అన్నాడు.

ఆ పేరు గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఇంగ్లండ్‌లో సెలవులకు సముద్రం ఒడ్డుకు వెళ్ళినవాళ్ళు పోస్టుకార్డు మీద యాంత్రికంగా రాసే మాట అది. మన ఇన్‌లాండ్ లెటర్లలో ‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాను’ అని రాసేవాళ్ళం చూడండి, అలాంటిది. ఆ వాక్యాన్ని ఎవరూ చదవరు, కళ్ళు దాని మీద నుంచి జారిపోయి కింద డబ్బు సంగతి ఎక్కడుందా అని వెతుకుతాయి. కానీ ఎప్పుడో ఒకసారి, ఆ మనిషి పోయాక, పెట్టెలో పాత ఉత్తరం దొరుకుతుంది. అప్పుడు ఆ అరిగిపోయిన వాక్యం దగ్గరే ఆగిపోతాం. పాట పేరుకు ఉన్న పదును అది. ఆల్బమ్‌తో పాటు నిజంగానే ఒక పోస్టుకార్డు పెట్టి ఇచ్చారు కూడా.

సరే, పాటల్లోకి వద్దాం. ఐదే పాటలు. అందులో ఒకటి, ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’, మొత్తం ఇరవై ఆరు నిమిషాల పైమాట. దాన్ని రెండుగా కోసి సగం మొదట, సగం చివర పెట్టారు. అలా కోద్దామన్నది వాటర్స్. గిల్మర్‌కు ఇష్టం లేదు. అప్పటికి వాళ్ళ చేతిలో ఇంకో రెండు పెద్ద పాటలు ఉన్నాయి, స్టేజీ మీద వాయిస్తున్నారు కూడా. మూడూ పెట్టేస్తే ఆల్బమ్ రెడీ. వాటర్స్ వద్దన్నాడు, ఆ రెండూ ఈ కథలో ఇమడవన్నాడు. అవి పేర్లు మార్చుకుని రెండేళ్ళ తర్వాత ‘ఆనిమల్స్’లో వచ్చాయి. వాటర్స్‌తో నాకు చాలా విషయాల్లో పేచీ ఉంది గానీ, ఈ ఒక్క నిర్ణయానికి మాత్రం దండం పెడతాను.

‘షైన్ ఆన్’ మొదట్లో వచ్చే నాలుగు స్వరాల సంగతి చెప్పాలి. పాట మొదలయ్యాక దాదాపు నాలుగు నిమిషాలు లయ ఉండదు, తాళం ఉండదు. జి మైనర్ మీద శ్రుతి పెట్టినట్టు కీబోర్డు, దాని మీద గిల్మర్ గిటార్ తీరిగ్గా. మన ఆలాపన అలవాటున్న చెవికి ఇది కొత్తేమీ కాదు. ఎప్పుడు పాట మొదలవుతుందా అని మా హాస్టల్ వాళ్ళు గోల చేస్తుంటే నాకు మాత్రం కచేరీలో కూర్చున్నట్టే ఉండేది. అంతలో అంతా ఆగి, ఖాళీలో నాలుగే నాలుగు స్వరాలు మోగుతాయి. జి ని షడ్జమం అనుకుంటే సాధారణ గాంధారం, కైశికి నిషాదం, షడ్జమం, చతుశ్రుతి ధైవతం. గ, ని, స, ద. మొదటి మూడూ ఊహించదగ్గవే. నాలుగోది తగులుతుంది. మామూలు మైనర్ స్కేల్‌లో అక్కడ శుద్ధ ధైవతం ఉండాలి, నటభైరవి రాగంలో లాగా. గిల్మర్ ఒక మెట్టు పైన పెట్టాడు. ఖరహరప్రియ ధైవతం. ఇది రాగం అని నేను అనడం లేదు, ఇక్కడ సంగీతం మాస్టార్లు ఉన్నారు, వాళ్ళు నన్ను కొడతారు. గమకం లేదు, ఏమీ లేదు. కానీ ఆ ధైవతం దగ్గర వాక్యం పూర్తి కాకుండా వేలాడుతుంది. పిలిచి, జవాబు కోసం చెవి ఒగ్గినట్టు.

గిల్మర్ చేతికి ఇది ఊరికే వాయిస్తుండగా తగిలిందట. విన్న వాటర్స్‌కు సిడ్ గుర్తొచ్చాడు. అభిమానులు దాన్ని ‘సిడ్ థీమ్’ అనే పిలుస్తారు. గొంతు ఎప్పుడు వినిపిస్తుందో తెలుసా? ఎనిమిదిన్నర నిమిషాలు దాటాక. అంతవరకూ ఆ మనిషి కోసం వేచి ఉండటమే.

రెండో పాట, ‘వెల్‌కమ్ టు ద మెషీన్’, గబగబా దాటేస్తాను. సింథసైజర్ గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది, కింద యంత్రం తిరుగుతుంది. గొప్ప పాటే. మా బ్యాచ్‌లో సగం మందికి అదే ఇష్టం, క్యాంపస్ ఇంటర్వ్యూల సీజన్‌లో మరీనూ. నాకు మాత్రం అది తర్వాతి పాటకు ముందుండే మెట్టు.

మూడోది ‘హ్యావ్ ఎ సిగార్’. రికార్డు కంపెనీ పెద్దమనిషి ఒకడు కుర్రాళ్ళ భుజాలు తట్టి మాట్లాడే పాట. మీ సంగీతమంటే నాకు ప్రాణం అంటాడు, ఆ నోటితోనే ‘ఇంతకీ మీలో పింక్ ఎవరు?’ అంటాడు. ఇలా అడిగినవాళ్ళు నిజంగానే ఉన్నారట. [నవ్వులు] దీన్ని పాడటానికి వాటర్స్ గొంతు సహకరించలేదు, గిల్మర్ పాడనన్నాడు. పక్క స్టూడియోలో రాయ్ హార్పర్ అనే గాయకుడు తన ఆల్బమ్ చేసుకుంటున్నాడు, అతను నేను పాడతానన్నాడు. ఫీజు ఏం కావాలంటే లార్డ్స్ మైదానానికి జీవితకాలం సీజన్ టికెట్ అడిగాడట. క్రికెట్ పిచ్చి ఎక్కడైనా ఒకటే. ఆ టికెట్ మాత్రం తన చేతికి రాలేదని హార్పర్ తర్వాత చెప్పుకున్నాడు. చూడండి, రికార్డు కంపెనీలు కళాకారుల్ని ఎలా చూస్తాయో వెక్కిరించే పాట పాడినవాడికి దక్కింది ఇది!

ఇక్కడే అట్ట గురించి చెప్పేస్తాను. హిప్నోసిస్ అనే సంస్థ చేసింది, స్టార్మ్ థార్గర్సన్ ఆలోచన, ఫోటో తీసింది ఆబ్రే పావెల్. కాలిఫోర్నియాలో ఒక సినిమా స్టూడియో ఆవరణ, సూట్లు వేసుకున్న ఇద్దరు కరచాలనం చేస్తున్నారు, ఒకడు మంటల్లో ఉన్నాడు. ఇది ఈ రోజుల్లో కంప్యూటర్‌లో చేసే మంట కాదు. రానీ రాండెల్ అనే స్టంట్ కళాకారుడు సూటు కింద మంట తగలని బట్టలు తొడుక్కుని నిజంగా అంటించుకున్నాడు. ఎదురుగా ఉన్నవాడు డానీ రోజర్స్. పదిహేనోసారికి గాలి అడ్డం తిరిగి మంట ముఖం మీదికి వచ్చి మీసం కాలింది, ఇంక చాలన్నాడు. వ్యాపారంలో నష్టపోయినవాణ్ణి మనం చేతులు కాల్చుకున్నాడంటాం కదా? ఇంగ్లిషులోనూ మోసపోయినవాడు కాలినట్టే లెక్క. ఇక్కడ చెయ్యి కలిపి ఒళ్ళంతా కాల్చుకున్నాడు.

ఇంత కష్టపడి తీసిన ఫోటోను ఏం చేశారు? నల్లటి ప్లాస్టిక్ కవర్ చుట్టి దాచేశారు. షాపులో చూస్తే నల్లగా ఒక పలక, మీద రెండు మరచేతులు కరచాలనం చేస్తున్న స్టిక్కర్. థార్గర్సన్ లెక్క ఒక్కటే, ఆల్బమ్ లేకపోవడం గురించి, కాబట్టి బొమ్మ కూడా ఉండకూడదు. లోపల ఇంకో ఫోటోలో ఒక మనిషి సరస్సులోకి తలకిందులుగా దూకి ఉంటాడు, నీటి మీద ఒక్క చుక్క కూడా చెదరదు. అభిమానుల్లో ఒక తెగ ఉంది, వాళ్ళు ఆ నల్ల కవర్‌ను చింపకుండా ఒక పక్కన బ్లేడుతో సన్నగా కోసి, రికార్డు బయటికి లాగి, మళ్ళీ అలాగే లోపల పెట్టేవాళ్ళు. బొమ్మ వాళ్ళదే, చూడరు! ఒకప్పుడు నాకిది పిచ్చితనంగా తోచేది. ఇప్పుడు కాస్త అర్థమవుతోంది.

[నీళ్ళు తాగుతూ] ఇక అసలు పాట, నాలుగోది, ‘విష్ యూ వర్ హియర్’.

మా హాస్టల్లో టూ-ఇన్-వన్ ఉండేది. మొదటిసారి ఈ క్యాసెట్ వింటున్నాను, మూడో పాట ఊపులో ఉండగా ఒక్కసారిగా శబ్దం కుంచించుకుపోయింది. బరబర, ఎవరో మాట్లాడుతున్నారు, స్టేషన్ మారింది, ఒక క్షణం వెస్టర్న్ క్లాసికల్ వినిపించింది, మళ్ళీ బరబర. నేను లేచి వెళ్ళి స్విచ్ చూశాను. టేపు నుంచి రేడియోకు దానంతటదే మారిపోయిందేమో అని. సిలోన్ స్టేషన్ కోసం ముల్లు తిప్పి తిప్పి పెరిగినవాళ్ళం, ఆ శబ్దం మాకు కొత్త కాదు. స్విచ్ టేపు మీదే ఉంది. అంతలో ఆ సన్నటి రేడియో గొంతులోంచి గిటార్. పన్నెండు తీగల గిటార్, కానీ చిన్న స్పీకర్‌లోంచి వచ్చినట్టు పీలగా. నేను స్విచ్ మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాను.

తర్వాత తెలిసింది, ఆ రేడియో గిల్మర్ కారులోదే. ఆ క్లాసికల్ ముక్క చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ. గిటార్‌ను కావాలనే మీడియం వేవ్ రేడియోలో వస్తున్నట్టు పల్చన చేశారు. ఆ తర్వాత జరిగేది వినండి. ఆ రేడియో గిటార్ మోగుతుండగా గదిలో ఎవరో దగ్గుతారు. ముక్కు ఎగబీలుస్తారు. కుర్చీలో సర్దుకుంటారు. అప్పుడు రెండో గిటార్ మొదలవుతుంది. ఇది పల్చగా లేదు, నిండుగా, మన పక్కనే కూర్చుని వాయిస్తున్నట్టు ఉంటుంది. అంటే ఎవరో కుర్రాడు తన గదిలో రేడియో పెట్టుకుని, అందులో వచ్చే గిటార్‌తో పాటు తనూ కలిపి వాయించుకుంటున్నాడన్నమాట. ఇది నా ఊహ కాదు, వాళ్ళు కావాలని అలా కట్టారు.

నా పాయింటు ఇది. పాట నిండా ఒక స్నేహితుడు లేడన్న బాధ. ఆ పాటలో మొట్టమొదట కుర్చీ వేసి కూర్చోబెట్టింది ఎవర్ని? ఒక అభిమానిని. పేరు లేదు, ముఖం లేదు, జలుబు చేసి ఉంది. ఒంటరిగా గదిలో రేడియో ముందు కూర్చుని ఉన్నాడు. దూరంగా ఎక్కడో ఎవరో వాయిస్తున్నారు, వాళ్ళకు ఇతనెవరో తెలియదు. అయినా తనూ ఒక తీగ కలుపుతాడు. మనం ఈ ఆల్బమ్‌ను మెచ్చుకుంటున్నామని అనుకుంటాం గానీ, మెచ్చుకునేవాణ్ణి వాళ్ళు ముందే లోపల పెట్టేశారు.

ఆ దగ్గు గిల్మర్‌దే. విన్నాక సిగరెట్ మానేశాడని చెబుతారు. అంతకంటే మంచి రివ్యూ ఏముంటుంది!

మా మేనల్లుడు ఒకడున్నాడు, ఇంటర్ సెకండియర్. మొన్న సంక్రాంతికి గిటార్ పట్టుకుని వచ్చాడు. మధ్యాహ్నం అందరూ భోంచేసి పడుకున్నాక వరండాలోంచి ఈ పాట మొదలు వినిపించింది. వెళ్ళి చూస్తే ఫోన్‌ను స్టీలు గ్లాసులో నిలబెట్టాడు, శబ్దం పెద్దగా రావాలని. ఫోన్‌లోంచి ఆ రేడియో గిటార్ వస్తుంటే రెండో గిటార్ వీడు వాయిస్తున్నాడు. నన్ను చూసి ఆపి, “మావయ్యా, మధ్యలో ఆ దగ్గు ఉంది కదా, అది కూడా దగ్గాలా?” అన్నాడు. [నవ్వులు] నాకు నవ్వు రాలేదు. 1975లో స్టూడియోలో బొమ్మలా కట్టిన గది నా కళ్ళ ముందు మా వరండాలో ఉంది. కారు రేడియో బదులు ఫోను, అంతే తేడా.

ఈ పాటలోనే ఇంకో మనిషి దాక్కుని ఉన్నాడు. ఆ రోజుల్లో అదే అబ్బీ రోడ్‌లో జాజ్ వయొలిన్ దిగ్గజం స్టెఫాన్ గ్రాపెల్లి, రవిశంకర్‌తో వాయించిన యెహుదీ మెనుహిన్, ఇద్దరూ కలిసి రికార్డింగ్ చేసుకుంటున్నారు. గ్రాపెల్లిని పిలిచి ఈ పాట చివర వయొలిన్ వాయించమన్నారు. ఆయన వాయించారు. మిక్సింగ్‌లో దాన్ని గాలి హోరు కిందికి తోసేశారు, వినిపించీ వినిపించనట్టు. పేరు కూడా వేయలేదు, వేస్తే అంత చిన్న ముక్కకు ఆయన్ను అవమానించినట్టు అవుతుందనుకున్నారు. అది ఉందా లేదా అని అభిమానులు ముప్ఫై ఐదేళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కొట్టుకున్నారు. ఉంది, వినపడుతోంది అన్నవాళ్ళను మిగతావాళ్ళు ఎగతాళి చేశారు. 2011లో ఆ టేపు దొరికి, వయొలిన్ పూర్తిగా ఉన్న పాట విడుదలైంది. వినడానికి చాలా బావుంటుంది. అయినా నాకు పాత మిక్సే ఇష్టం, ఎందుకో చెప్పలేను.

జూన్ 5, 1975. ఈ రోజు గురించి ఎంతమంది ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు, వాళ్ళ జ్ఞాపకాలు ఒకదానితో ఒకటి కలవవు. కలిసినంత వరకు చెప్తాను. స్టూడియోలోకి ఎవరో లావుపాటి మనిషి వచ్చి నిలబడ్డాడు. గుండు, కనుబొమలు కూడా గీసేసుకున్నాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి. ఎవరో స్టూడియో ఉద్యోగి అనుకున్నారు, ఇంకొకరి స్నేహితుడు అనుకున్నారు. పని సాగుతూనే ఉంది. చాలాసేపటికి గానీ తెలియలేదు అది సిడ్ అని. అతని కోసమే పాట కట్టి, అతన్నే పిలుస్తూ నెలల తరబడి కూర్చున్నవాళ్ళు అతను వచ్చి పక్కన నిలబడితే గుర్తుపట్టలేదు. వాటర్స్ ఏడ్చాడు. పాట వినిపిస్తే, కాస్త పాతగా ఉంది అన్నాడట సిడ్. ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు తీసిన ఫోటో ఉంది, మీలో చాలామంది చూసే ఉంటారు. నేను ఈ సభకు తీసుకురాలేదు.

ఎందుకు తీసుకురాలేదంటే అభిమానుల గురించి చేదు మాట ఒకటి చెప్పాలి. సిడ్ ఆ తర్వాత కేంబ్రిడ్జ్‌లో వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళిపోయాడు. సిడ్ అన్న పేరు వదిలేసి తన అసలు పేరు రోజర్ అనే ఉండిపోయాడు. బొమ్మలు వేసేవాడు, మొక్కలు పెంచేవాడు, సైకిల్ మీద బజారుకు వెళ్ళి వచ్చేవాడు. ఆ మనిషిని మనవాళ్ళు బతకనిచ్చారా? తలుపు కొట్టేవారు, కెమెరాలు పట్టుకుని వీధి చివర కాపు కాసేవారు. ఆల్బమ్ అంతా విని, గుండెలు బాదుకుని, దానిలో అర్థమవ్వాల్సిన ఒక్క విషయం అర్థం చేసుకోకుండా రైలెక్కి కేంబ్రిడ్జ్‌లో దిగేవారు. అలాంటి అభిమానం నాకొద్దు. రేడియో ముందు కూర్చున్న ఆ కుర్రాడు ఎవరి తలుపూ కొట్టడు.

ఆల్బమ్ 1975 సెప్టెంబర్‌లో వచ్చింది. మొదట్లో రివ్యూలు అంతంతమాత్రమే, నీరసంగా ఉందన్నారు. కొన్నవాళ్ళు పట్టించుకోలేదు, ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్ళింది. గిల్మర్, రైట్ ఇద్దరూ తమ ఆల్బమ్‌లన్నిటిలో ఇదే ఎక్కువ ఇష్టమని చెప్పుకున్నారు. 2005 జూలై 2న లండన్ హైడ్ పార్క్‌లో, ఇరవై నాలుగేళ్ళ తర్వాత నలుగురూ ఒకే వేదిక ఎక్కినప్పుడు ‘విష్ యూ వర్ హియర్’ పాట వాయించారు. ఇక్కడ లేనివాళ్ళ కోసం, ముఖ్యంగా సిడ్ కోసం అన్నాడు వాటర్స్. మరుసటి ఏడాది జూలైలో సిడ్ పోయాడు. 2008లో రైట్ పోయాడు.

యాభై ఏళ్ళ సందర్భంగా 2025 డిసెంబర్‌లో కొత్త ఎడిషన్ వచ్చింది కదా, అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. 1975 ఏప్రిల్ 26న లాస్ ఏంజెలెస్ స్పోర్ట్స్ అరీనాలో వాళ్ళు వాయించిన కచేరీ. దాన్ని కంపెనీ రికార్డు చేయలేదు. మైక్ మిల్లార్డ్ అనే ఒక అభిమాని దొంగచాటుగా రికార్డు చేసుకున్నాడు. ఈ మిల్లార్డ్ సామాన్యుడు కాదు. పెద్ద టేప్ రికార్డర్‌ను హాల్లోకి చేర్చడానికి కాళ్ళు లేనివాడిలా వీల్‌చెయిర్‌లో కూర్చుని, సీటు కింద మిషన్ దాచుకుని వెళ్ళేవాడని చెబుతారు. మంచి మైకులు, మంచి టేపు, మంచి చెవి. తన టేపులు అమ్ముకునేవాళ్ళంటే పడేది కాదు. 1994లో చనిపోయాడు. ఆ టేపునే స్టీవెన్ విల్సన్ అనే సంగీతకారుడు శుభ్రం చేసి ఇచ్చాడు, బ్యాండ్ తన సొంత ఆల్బమ్‌లో పెట్టుకుంది. వింటే చప్పట్లు, ఈలలు, పక్కవాళ్ళ మాటలు అన్నీ ఉంటాయి. ‘షైన్ ఆన్’ అప్పటికి అధికారికంగా రికార్డులో రాలేదు, ఆల్బమ్ రావడానికి ఇంకా నాలుగున్నర నెలలు ఉంది. ఆ నాలుగు స్వరాలు మోగుతున్నప్పుడు అక్కడున్న వేల మందిలో చాలామందికి అవి ఏమిటో తెలియదు. ఇతనొక్కడు మాత్రం కదలకుండా కూర్చుని ఉన్నాడు, కదిలితే టేపు పాడవుతుంది.

సరే, నా క్యాసెట్‌లో తెగిపోయిన ముక్క.

నేను ఆ క్యాసెట్‌నే పదేళ్ళు విన్నాను. టక్ అని ఆగిపోవడమే ముగింపు అనుకున్నాను. ఉద్యోగం వచ్చాక సీడీ కొన్నాను, ఇక్కడే ఆబిడ్స్‌లో. రాత్రి ఇంటికి తెచ్చి పెట్టాను. టక్ రావాల్సిన చోట రాలేదు. పాట ఇంకా ఉంది. చివరి భాగం రైట్‌ది, ఆల్బమ్ అంతటిలో అతను ఒంటరిగా వాయించుకున్నట్టు ఉండేది అదొక్కటే. శవయాత్ర నడకలా మెల్లగా సాగి, చివర్లో మైనర్ వదిలి మేజర్‌లోకి వెళ్తుంది, మబ్బు పక్కకు జరిగినట్టు. శబ్దం దాదాపు లేనంతగా తగ్గిపోయాక, కీబోర్డు మీద ఒక చిన్న వరస, కొన్ని సెకన్లే. ఎక్కడో విన్నట్టుంది, ఎక్కడో తెలియలేదు. ఆ మర్నాడు ఆఫీసులో పని మధ్యలో తట్టింది. 1967లో సిడ్ రాసి పాడిన ‘సీ ఎమిలీ ప్లే’. ఆల్బమ్ అంతా అతని కోసం వెతికి, ఆఖరి సెకన్లలో అతని పాటనే తెచ్చి, వినిపించీ వినిపించకుండా పెట్టి వెళ్ళిపోయాడు రైట్. నాకది పదేళ్ళు అందలేదు, ఒక టీ వల్ల.

ఆ క్యాసెట్ ఇంకా ఉంది. మా ఆవిడ ఎన్నిసార్లు పారేస్తానన్నా ఇవ్వలేదు. ఇవాళ తెచ్చాను. కానీ వినిపించేది అది కాదు, పూర్తిగా ఉన్నదే. ఐదో పాట చివరి మూడు నిమిషాలు పెడతాను. బాబూ, ఆ ఫ్యాన్లు కాసేపు ఆపు, చప్పుడు తగ్గుతుంది. లైట్లు ఉండనీ. ఎవరికైనా దగ్గొస్తే ఆపుకోకండి, దగ్గండి.